కర్ణుడు ఇచ్చిందేమిటి, ఉంచుకున్నదేమిటి?

మా బళ్ళో త్యాగం మీద ఏ పోటీ పెట్టినా, అది వక్తృత్వమైనా వ్యాసరచనైనా, సగంమంది కర్ణుడితోనే మొదలుపెడతారు. శిబి, దధీచి, బలి కూడా వరుసలో ఉంటారు గానీ చప్పట్లు మాత్రం కర్ణుడికే. తమిళం పీరియడ్‌లోనూ ఇదే సంగతి. మనం దానకర్ణుడు అంటే వాళ్ళు కొడైవళ్ళల్ కర్ణన్ అంటారు. బస్టాండు దగ్గర ఎవరైనా చిల్లర ఎక్కువ ఇస్తే కండక్టరు కూడా "ఏం సార్, కర్ణుడి వంశమా?" అని నవ్వుతాడు. తమిళనాడులో తెలుగువాళ్ళుగా పుట్టి రెండు భాషలూ చదువుకునే మనలాంటి వాళ్ళకు ఇదో లాభం. ఒకే వీరుణ్ణి రెండు వైపుల నుంచీ చూడొచ్చు.

చూస్తే నాకు ఒక అనుమానం వచ్చింది. వీరుడికి అసలు గుర్తు నిస్వార్థం అని మనం చెప్పుకుంటాం. తనకోసం కాకుండా ఎదుటివాళ్ళ కోసం ఇచ్చినవాడే వీరుడు అంటాం. సరే, ఆ కొలతతో కర్ణుణ్ణే కొలిస్తే ఎంత వస్తుంది? నేను వ్యాసుడి కథను వచనంలో చదివాను, కవిత్రయ భారతంలో కర్ణుడి ఘట్టాలను మా తెలుగు మాస్టారు చెప్పగా విన్నాను. 1964 తమిళ సినిమా 'కర్ణన్', 1977 తెలుగు సినిమా 'దానవీరశూర కర్ణ' రెండూ చూశాను. మా ఊరి ధర్మరాజుల గుడి తిరునాళ్ళలో 'కర్ణ మోక్షం' వీధినాటకం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను. వీటిని పక్కపక్కన పెట్టి రాస్తున్నదే ఈ వ్యాసం.

ముందు కవచకుండలాల కథ చూద్దాం. అందరూ చెప్పేది ఇదే కాబట్టి.

మనకు తెలిసిన కథ ఇంతే. ఇంద్రుడు బ్రాహ్మణుడి వేషంలో వచ్చి అడిగాడు, కర్ణుడు ఒళ్ళు కోసుకుని ఇచ్చేశాడు. పోటీల్లో ఇక్కడ ఆపేస్తారు. మూలంలో కథ ఇక్కడ ఆగదు, ఇక్కడ మొదలు కూడా కాదు. ఇంద్రుడు రావడానికి ముందే సూర్యుడు కలలో కనబడి కొడుకును హెచ్చరిస్తాడు. ఇంద్రుడు అడగడానికి వస్తాడు, ఇవ్వొద్దు, ఇస్తే నీకు ఆయుష్షు ఉండదు అంటాడు. దానికి కర్ణుడు ఏమని బదులిస్తాడు? పాపం ఆ బ్రాహ్మణుడికి అవసరమేమో అని అనడు. తనకు ప్రాణం కంటే కీర్తి ముఖ్యం అంటాడు. దేవతల రాజే తన దగ్గర చెయ్యి చాపాడంటే తన పేరు లోకంలో నిలిచిపోతుంది అన్నది అతని లెక్క. అప్పుడు సూర్యుడు అడిగే ప్రశ్న నాకు చాలా నచ్చింది. చచ్చిపోయినవాడికి కీర్తి ఎందుకు, శవానికి పూలమాల వేసినట్టు కాదా అని అడుగుతాడు. తండ్రి అడగాల్సిన ప్రశ్నే అది. కర్ణుడు వినడు. వినకపోయేసరికి సూర్యుడు కనీసం బదులుగా శక్తి ఆయుధం అడుగు అని సలహా ఇస్తాడు.

ఇంద్రుడు వచ్చాక కూడా కర్ణుడు వెంటనే ఇవ్వడు. ఆవులు ఇస్తాను, ఊళ్ళు ఇస్తాను, రాజ్యం ఇస్తాను, ఇవి మాత్రం అడగొద్దు అంటాడు. ఇంద్రుడు ఒప్పుకోకపోతే నవ్వి, నువ్వెవరో నాకు తెలుసులే అంటాడు. ఆ తర్వాత సంస్కృతంలో వాడిన మాట వినిమయం. అంటే మారకం. నువ్వు నాకు ఒకటి ఇచ్చి వీటిని తీసుకుపో, లేకపోతే ఇవ్వను అని కర్ణుడు కచ్చితంగానే చెప్తాడు. శక్తి ఆయుధం పుచ్చుకుంటాడు. ఒక్క శత్రువును చంపి అది తిరిగి ఇంద్రుడి దగ్గరకే పోతుంది అని షరతు. నాకు ఒక్క శత్రువు చాలు అంటాడు కర్ణుడు. ఆ ఒక్కడు ఎవరో మనకు తెలుసు. పైగా, కోసుకున్న తర్వాత నా ఒళ్ళు వికారంగా కనబడకూడదు అని ఇంకో వరం కూడా అడిగి తీసుకుంటాడు.

ఇది చదివినప్పుడు నాకు కర్ణుడి మీద కోపం రాలేదు. నిజానికి కొంచెం ఇష్టం పెరిగింది. ప్రాణం పోయే బేరంలో తెలివిగా బేరమాడినవాడు మూర్ఖుడు కాడు. అందం గురించి అడగడం మరీ మనిషి లక్షణం. కానీ దీన్ని నిస్వార్థం అనడానికి మాత్రం నోరు రాలేదు. మా అవ్వ చదువుకోలేదు, భారతమంతా గుడి దగ్గర హరికథల్లో విన్నదే. ఆమె ఎప్పుడో తేల్చేసింది. "ఇచ్చినాడు, సరే. ఇచ్చినాక చేతిలో ఏం పెట్టుకున్నాడో అది చెప్పరే మీ బళ్ళో?"

ఇంకొక సంగతి ఉంది. దాన్ని ఏ పోటీలోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు. అడిగినవాడికి లేదనను అన్న కర్ణుడి వ్రతం ఎక్కడ మొదలైంది? పుట్టుకతో వచ్చిన గుణం అని మనం అనుకుంటాం. అతను ముందు నుంచీ దాతే కావచ్చు, కానీ ఆ మాటను వ్రతంగా పట్టింది మాత్రం అరణ్యపర్వంలో. పాండవులు అడవిలో ఉన్నప్పుడు, దుర్యోధనుడు యజ్ఞం చేసిన సందర్భంలో, కర్ణుడు ఒక శపథం చేస్తాడు. అర్జునుణ్ణి చంపేదాకా కాళ్ళు కడిగించుకోను, ఎవరు ఏది అడిగినా లేదు అనను అంటాడు. రెండూ ఒకే శపథంలో రెండు ముక్కలు! అంటే దానం ఇక్కడ యుద్ధానికి పట్టిన దీక్ష. మనవాళ్ళు కోరిక తీరేదాకా గడ్డం తియ్యను అని మొక్కుకుంటారే, అలాంటిది. కోరిక ఏమిటంటే ఒక మనిషి చావు. ఇంద్రుడు సరిగ్గా ఆ దీక్షలోనే సందు చూసుకుని వచ్చాడు. కాబట్టి కవచకుండలాల కథలో దయ ఇటువైపూ లేదు, అటువైపూ లేదు. కొడుకును కాపాడుకోవాలనుకునే ఇద్దరు తండ్రులు ఉన్నారు, సూర్యుడూ ఇంద్రుడూ. మధ్యలో ఒక మారకం ఉంది.

అలంకారశాస్త్రంలో వీరుల్ని నాలుగు రకాలుగా చెప్తారని మా మాస్టారు చెప్పారు. యుద్ధవీరుడు, దానవీరుడు, దయావీరుడు, ధర్మవీరుడు. ఈ విభజన నాకు ఇక్కడ బాగా పనికొచ్చింది. మనం దానవీరుణ్ణీ దయావీరుణ్ణీ కలిపేసి ఇద్దరికీ త్యాగి అని ఒకే పేరు పెట్టేస్తున్నాం. దానవీరుడికి కీర్తి మీద ఆశ ఉండొచ్చు, ఉన్నా అతను దానవీరుడే. దయావీరుడికి అది గుర్తే రాదు. పోతన భాగవతం నవమ స్కంధంలో రంతిదేవుడు ఉన్నాడు. 48 రోజులు తిండీ నీళ్ళూ లేకుండా ఉండి, దొరికిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే వరుసగా ఒక్కొక్కరే వచ్చి ఆకలి అంటారు. కుక్కలతో వచ్చినవాడికి, ఆ కుక్కలకు కూడా పెడతాడు. చివరికి మిగిలిన గుక్కెడు నీళ్ళు కూడా దాహం అన్నవాడికి పోసేస్తాడు. తనకు మోక్షం కూడా అక్కర్లేదు, ఎదుటివాళ్ళ బాధ తనకు వస్తే చాలు అనుకుంటాడు. అతనికి ఏ యుద్ధమూ లేదు, శత్రువూ లేడు. అందుకేనేమో రంతిదేవుడి మీద నాలుగు గంటల సినిమా ఎవరూ తియ్యలేదు.

ఇప్పుడు సినిమాల సంగతికి వస్తాను.

'దానవీరశూర కర్ణ'లో నందమూరి తారకరామారావు గారు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ వేశారు, దర్శకత్వమూ ఆయనదే. మాటలు కొండవీటి వెంకటకవి గారివి. ఆ మాటల్ని మా నాన్న ఇప్పటికీ వంటింట్లో కూరలు తరుగుతూ చెప్తుంటారు. పేరులో దానం ముందు వచ్చింది గానీ, ఈ సినిమాకు దానం మీద నిజంగా పెద్ద ఆసక్తి లేదని నాకు అనిపించింది. దీని గుండె అంతా అస్త్రవిద్యా ప్రదర్శన ఘట్టంలో ఉంది. కులం అడిగినప్పుడు కర్ణుడి తల వంగిపోవడం, దుర్యోధనుడు లేచి కులాన్నే నిలదీయడం. పుట్టుక మనిషిని ఎలా కొలుస్తుంది అన్నదే ఆ సినిమా ప్రశ్న. ఆ ప్రశ్నను అంత గట్టిగా అడిగిన పౌరాణిక సినిమా తెలుగులో నేను ఇంకోటి చూడలేదు. దానం దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ తెలిసిన కర్ణుడే కనబడతాడు.

'కర్ణన్' అలా కాదు. బి.ఆర్.పంతులు గారు తీశారు. శివాజీ గణేశన్ గారు కర్ణుడు, కృష్ణుడు మన రామారావు గారు. అంటే తమిళంలో కర్ణుడి దగ్గర పుచ్చుకునే చెయ్యి, తెలుగులో కర్ణుడిగా ఇచ్చే చెయ్యి, రెండూ ఒకరివే. ఈ సినిమాను 2012లో కొత్తగా శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసినప్పుడు కూడా హాళ్ళకు జనం వెళ్ళారు. దీని చివరి ఘట్టం మూలంలో లేదు, కవిత్రయంలోనూ లేదు. విల్లిపుత్తూరార్ తమిళంలో రాసిన భారతంలో ఉంది, వీధినాటకంలో ఉంది. రథచక్రం భూమిలో దిగిపోయి, ఒంటినిండా బాణాలతో కర్ణుడు పడి ఉన్నా ప్రాణం పోదు. జన్మంతా చేసిన దానాల పుణ్యం అడ్డం నిలబడుతుంది. అప్పుడు కృష్ణుడు ముసలి బ్రాహ్మణుడై వచ్చి నీ పుణ్యమంతా నాకు ధారపోయి అని అడుగుతాడు. ధారపోయడానికి నీళ్ళు లేవు. కర్ణుడు తన రక్తంతోనే ధారపోస్తాడు. సీర్కాళి గోవిందరాజన్ గారి గొంతు వినబడుతుంటే మా ఇంట్లో ఆ సీను దగ్గర ఎవరూ మాట్లాడరు. తమిళం సరిగా రాని మా అవ్వ కూడా.

కన్నీళ్ళు పెట్టించే సీను కాబట్టి గొప్పది అని నేను అనడం లేదు. కన్నీళ్ళు తెప్పించడం సినిమాకు పెద్ద పనేం కాదు. ఈ ఘట్టం చేసిన పని వేరే. కీర్తి కోసం, పుణ్యం కోసం ఇచ్చేవాడిది దానమా అని మనం అడిగితే, తమిళ కవి ఆ ప్రశ్నకు నేరుగా జవాబు కట్టాడు. ఇవ్వడం వల్ల వచ్చిన ఫలం ఏదుందో దాన్నే అడిగించాడు. ఆవును ఇస్తే పుణ్యం వస్తుంది, భూమిని ఇస్తే పుణ్యం వస్తుంది, మరి పుణ్యాన్నే ఇచ్చేస్తే ఏం వస్తుంది? ఏమీ రాదు. ఇక్కడ శక్తి ఆయుధం లేదు, మారకం లేదు, ఇచ్చిన మరుక్షణం చావే. విల్లిపుత్తూరార్ కర్ణుడు చివరికి కృష్ణుణ్ణి అడిగే వరం కూడా అలాంటిదే. మళ్ళీ జన్మ ఉంటే, అడిగినవాళ్ళకు లేదనని మనసు ఇవ్వమంటాడు. అరణ్యపర్వంలో అర్జునుణ్ణి చంపడానికి పట్టిన వ్రతం ఇక్కడికొచ్చేసరికి ఏ శత్రువూ లేని కోరికగా మారిపోయింది. ఒకే మాట, లేదు అనను అన్నదే, కానీ దాని పక్కన ఉన్న రెండో ముక్క రాలిపోయింది.

అందుకే దానం విషయంలో తమిళ కర్ణుడే నాకు గట్టివాడుగా కనబడ్డాడు. తెలుగు బడి పత్రికలో ఈ మాట రాయొచ్చా అని నా పక్క బెంచీ అమ్మాయి అడిగింది. ఎందుకు రాయకూడదు? మా ఊరి గుడి దగ్గర పగలు తెలుగులో హరికథ, రాత్రి తమిళంలో నాటకం. కిందకూర్చుని చూసేది రెండింటికీ ఒకే జనం. దుర్యోధనుడి మట్టిబొమ్మ దగ్గర భీముడు ఏ భాషలో అరిచినా పిల్లలు పరుగెత్తుకుని వస్తారు.

అయితే తమిళ ఘట్టం మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. కర్ణుడు అంత గొప్పగా ఇచ్చేస్తుంటే, అడిగినవాడి మీద మన చూపు పోనే పోదు. ఇచ్చినవాణ్ణి పొగడటంలో తీసుకున్నవాణ్ణి వదిలేస్తాం. మూలంలో ఒక మాట ఉంది, కవచకుండలాలు పోయాక కర్ణుడు ముషితుడయ్యాడు అని. అంటే దోచబడ్డాడు అని అర్థం. లోకమంతా దానం అంటున్నదాన్ని వ్యాసుడు ఒక్క మాటలో దోపిడీ అనేశాడు. ఆ వార్త విని కౌరవులు దిగాలు పడ్డారు, అడవిలో ఉన్న పాండవులు సంతోషపడ్డారు. ధర్మరాజు కూడా.

ఈ ముషితుడు అన్న మాట నన్ను ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మా అత్త, అంటే నాన్నకు అక్క, ఎనిమిదో తరగతితో చదువు మానేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆ డబ్బుతోనే మా నాన్న, చిన్నాన్న చదువుకున్నారు. ఇంట్లో ఏ పెళ్ళి జరిగినా ఆమెకు ముందు బట్టలు పెడతారు, త్యాగమూర్తి అంటారు, అది నిజమే అని నేనూ అనుకున్నాను. ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు ఒక ఆదివారం ఆమెనే అడిగాను, అత్తా, నువ్వు చదువు ఎందుకు ఇచ్చేసినావు అని. జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఆమె తలెత్తకుండానే అంది. "నేను ఇచ్చింది యాడ పాపా? అడిగితే కదా ఇచ్చేది. ఒకరోజు పొద్దున బడికి పోవద్దన్నారు, అంతే." కాసేపటికి మళ్ళీ తనే, "అడిగుంటే ఇచ్చేదాన్నేమోలే" అంది.

కర్ణుణ్ణి అడిగారు. ముందే హెచ్చరిక కూడా అందింది అతనికి. కాదనే వీలు ఉంది, బేరమాడే వీలు ఉంది, రెండూ తెలిసి ఇచ్చాడు. త్యాగం అనే మాటకు ఆ వీలే పునాది అని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఆ వీలు లేనివాళ్ళను కూడా అదే మాటతో పొగిడితే, తీసుకున్నవాళ్ళకు చాలా సులువు అయిపోతుంది. పట్టుచీర ఒకటి పెడితే లెక్క సరిపోయినట్టు ఉంటుంది. మా నాన్న ఈ పేరా చదివి ఏమీ అనలేదు. తీసెయ్యమని కూడా అనలేదు.

సరే, మళ్ళీ కర్ణుడి దగ్గరకు. కవచకుండలాలు మారకం అయితే, అతని జీవితంలో మారకం కానిది ఏదైనా ఉందా? నా లెక్కలో ఉంది, అది ఉద్యోగపర్వంలో ఉంది. రాయబారం విఫలమై వెళ్ళిపోతూ కృష్ణుడు కర్ణుణ్ణి రథం ఎక్కించుకుని, నువ్వు కుంతి కొడుకువి, పాండవులకు పెద్దవాడివి, వచ్చెయ్, రాజ్యం నీది అంటాడు. ద్రౌపది కూడా నీకు భార్య అవుతుంది అంటాడు. (ద్రౌపదిని ఎవరడిగారో తెలియదు.) కర్ణుడు ఒప్పుకోడు. దుర్యోధనుడి ఉప్పు తిన్నాను అన్నది అందరికీ తెలిసిన కారణం. ఆ తర్వాత అడిగేది చూడండి. ఈ సంగతి ధర్మరాజుకు చెప్పొద్దు, తెలిస్తే అతను రాజ్యం ఒప్పుకోడు, నాకే ఇస్తాడు, నాకు వస్తే నేను దుర్యోధనుడికి ఇచ్చేస్తాను, అందుకని చెప్పొద్దు, ధర్మరాజే రాజుగా ఉండాలి అంటాడు. ఇక్కడ సభ లేదు, పూలవాన లేదు. ఇచ్చినట్టు పుచ్చుకున్నవాడికి కూడా తెలియదు. కీర్తి కోసం ప్రాణం ఇస్తానన్నవాడు ఇక్కడ కీర్తి కలగకుండా తలుపు తనే వేసుకున్నాడు. పాండవులకు తమ అన్న ఎవరో తెలిసింది యుద్ధం అయిపోయాక, తర్పణాలు విడిచేటప్పుడు కుంతి చెబితేనే.

కుంతికి ఇచ్చిన మాట కూడా ఇలాంటిదే. అర్జునుణ్ణి తప్ప మిగతా నలుగుర్నీ చంపను, నీకు ఎప్పుడూ అయిదుగురు కొడుకులే ఉంటారు అన్నాడు. యుద్ధంలో ఆ నలుగురూ ఒక్కొక్కరుగా చేతికి చిక్కారు, వదిలేశాడు. ఎందుకు వదిలాడో వాళ్ళకు అర్థం కాలేదు. కానీ కర్ణుడు కర్ణుడే కదా, ఊరికే వదల్లేదు. భీముణ్ణి వింటి కొనతో పొడిచి, తిండిపోతా, అన్నం ఉండేచోటికి పో అని ఎగతాళి చేసి మరీ వదిలాడు. ప్రాణం ఇవ్వగలిగాడు, నాలుకను మాత్రం ఆపుకోలేకపోయాడు. నాకు ఈ కర్ణుడే నిజం అనిపిస్తాడు.

నాలుక అంటే ద్రౌపది సభ గుర్తొస్తుంది. కర్ణుణ్ణి త్యాగి అంటున్న ఏ వ్యాసమూ దీన్ని దాటి పోకూడదు. ఒక స్త్రీని సభలోకి ఈడ్చుకొచ్చినప్పుడు ఆమెను చెడ్డమాట అన్నవాడు, బట్టలు లాగమన్నవాడు కర్ణుడు. తర్వాత కృష్ణుడి దగ్గర, దుర్యోధనుడి సంతోషం కోసం పాండవులను అన్న మాటలకు బాధపడుతున్నాను అంటాడు. బాధపడటం మంచిదే. పాండవులను అన్న మాటలకు అంటాడు. ఆవుల్నీ ఊళ్ళనీ ఒంటిమీది తోలునీ ఇచ్చినవాడు ఆ రోజు ఒక ఆడమనిషికి కాస్త మర్యాద ఇవ్వలేకపోయాడు, అది ఇస్తే అతనికి ఏ ఖర్చూ లేదు. మా గుడిలో అమ్మవారు ద్రౌపదే కాబట్టి, ఈ ఘట్టం ఆడే రాత్రి కర్ణుడి వేషగాడికి చప్పట్లు ఉండవు. 'కర్ణ మోక్షం' రాత్రికి మాత్రం అదే వేషగాడికి నోట్లు గుచ్చుతారు. మా జనం రెండు తీర్పులూ పక్కపక్కనే పెట్టుకుంటారు, ఒకదానితో ఇంకోదాన్ని కొట్టెయ్యరు.

ఇక మిగిలింది ఒకరు. రెండు సినిమాలూ చూశాక కూడా నాకు ఆమె ముఖం గుర్తులేదు.

కృష్ణుడు రాజ్యం ఇస్తానన్నప్పుడు కర్ణుడు దుర్యోధనుడి కంటే ముందు చెప్పే పేరు రాధది. కుంతి నన్ను నీళ్ళలో వదిలేసింది, సూతుడు అధిరథుడు ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయి రాధకు ఇచ్చాడు, నా మీది ప్రేమతో ఆ క్షణానే రాధకు పాలు వచ్చాయి, నా మలమూత్రాలు ఎత్తిపోసింది ఆమె, అలాంటిదానికి పిండం లేకుండా నేను ఎలా చేస్తాను అంటాడు. పుట్టుక, కులం, కీర్తి, అస్త్రాలు అని కథంతా మాట్లాడినవాడు ఇక్కడ పసిపిల్లవాడి గుడ్డల గురించి మాట్లాడతాడు. భారతం లాంటి పుస్తకంలో, అదీ రాజ్యం గురించి జరిగే చర్చలో, ఈ మాట రావడం నాకు మొదట వింతగా అనిపించింది. తర్వాత అనిపించింది, కర్ణుడికి ఇవ్వడం అంటే ఏమిటో తెలిసింది బహుశా ఈ ఇంట్లోనే అని. రాధకు ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదు. పెట్టెలో పుట్టుకవచంతో, కుండలాలతో వచ్చిన పిల్లవాడు ఏదో ఒక రోజు ఎవరో వచ్చి నాది అంటే వెళ్ళిపోతాడని అనుకునే ఉంటుంది. ఆమె ఏ మారకమూ అడగలేదు, ఆమె దగ్గరకు ఏ దేవుడూ మారువేషంలో రాలేదు. కవిత్వం ఆమె మీద ఎక్కువ లేదు. కర్ణుడి బిరుదుల్లో మాత్రం ఆమె ఉంది. ఒళ్ళు కోసుకున్నందుకు వచ్చిన వైకర్తనుడు అన్న పేరుకంటే నాకు రాధేయుడు అన్నదే నచ్చుతుంది.

కృష్ణుడు వెళ్ళిపోయాక కుంతి గంగ ఒడ్డుకు వస్తుంది. కర్ణుడు జపంలో ఉంటాడు, ఎండ వీపు మీద కాలేదాకా ఆమె అతని వెనకాలే అతని ఉత్తరీయం నీడలో నిలబడుతుంది. జపం అయ్యాక కర్ణుడు వెనక్కి తిరుగుతాడు. ఎదురుగా ఉన్నది తనను కన్నతల్లి అని అప్పటికే అతనికి తెలుసు. చేతులు జోడించి, నేను రాధ కొడుకును, అధిరథుడి కొడుకును, కర్ణుణ్ణి, నమస్కారం, మీరు ఏ పని మీద వచ్చారు అని అడుగుతాడు.